ఆ నాలుగు వందల రూపాయల చీటీ పారేయకండి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. ఏడు నెలల కిందట ఒక రాత్రి పదిన్నరకు మా నాన్నగారికి ఉన్నట్టుండి మూతి వంకర పోయి, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆయనకు 58 ఏళ్లు, కౌలు రైతు. దగ్గరి పట్టణంలో ‘24 గంటల న్యూరో ఎమర్జెన్సీ’ అని బోర్డు ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఓపీ చీటీకి 400 రూపాయలు కట్టించుకొని, బీపీ మాత్రం చూసి, లక్ష రూపాయలు ముందుగా కడితేనే చేర్చుకుంటామన్నారు. అంత లేదంటే పంపించేశారు. 108లో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే స్కానింగ్ తీసి, మెదడుకు వెళ్లే రక్తనాళం పూడుకుపోయిందని, హైదరాబాదు తీసుకెళ్లమని రాసిచ్చారు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో పడక లేదన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది, మాకు తెల్ల రేషన్ కార్డు ఉంది. అయినా ‘మాకు ఆరోగ్యశ్రీ వద్దు’ అని రాసి ఉన్న కాగితం మీద మా అమ్మ చేత సంతకం చేయించుకున్నారు. బంగారం అమ్మి, వడ్డీకి తెచ్చి 3,85,000 రూపాయలు కట్టాం. తొమ్మిదో రోజు ఉదయం నాన్న పోయారు. మిగిలిన 1,10,000 కట్టేదాకా, సాయంత్రం నాలుగింటి వరకు ఆయన దేహాన్ని మాకు అప్పగించలేదు. కేస్ షీట్ అడిగితే ఇవ్వలేదు. చట్టం డబ్బున్న వాళ్లకేనా? మేం ఎవరి మీద, ఎక్కడ కేసు వేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకే రాత్రి మీరు నాలుగు ఆసుపత్రుల గడప ఎక్కారు. వాటిలో మూడు చోట్ల మీకు జరిగిన అన్యాయం ఒకటే అనిపిస్తుంది. చట్టం దృష్టిలో మాత్రం అవి మూడు వేర్వేరు తప్పులు, వాటికి వేర్వేరు దారులున్నాయి. నాలుగోది, మృతదేహాన్ని ఆపడం. అన్నింటినీ ఒకే కాగితం మీద కలిపి రాసి ఒకే చోట ఇస్తే ప్రతి ఆసుపత్రీ పక్క ఆసుపత్రి వైపు వేలు చూపిస్తుంది. అందుకని విడివిడిగా చెబుతాను.

ముందుగా మీ అసలు ప్రశ్నకు జవాబు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి తక్షణ వైద్యం చేయాల్సిన బాధ్యత ప్రభుత్వ వైద్యుడికి ఎంత ఉందో ప్రైవేటు వైద్యుడికీ అంతే ఉంది. ఇది సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చిన విషయం. స్కూటరు మీద వెళ్తున్న ఒకాయనను కారు గుద్దితే, దగ్గరి ఆసుపత్రి ‘మెడికో లీగల్ కేసులు (పోలీసు విచారణతో ముడిపడ్డ కేసులు) మేం చూడం’ అని ఇరవై కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పంపింది. ఆయన దారిలోనే చనిపోయాడు. ఆ వార్త పత్రికలో వస్తే దాని ఆధారంగా వేసిన పిటిషన్ అది. ప్రాణం కాపాడటం అన్నింటికంటే ముందు, పోలీసు పనీ కాగితం పనీ ఆ తరువాతేనని కోర్టు చెప్పింది. ప్రాణాన్ని కాపాడే ఆ బాధ్యతకు మూలం రాజ్యాంగంలోని 21వ అధికరణం, జీవించే హక్కు. అక్కడ డిపాజిట్ ప్రస్తావన లేదు. కాబట్టి హక్కు అందరికీ ఒకటే. కానీ ఆ హక్కును కాలరాసినప్పుడు ఏ కోర్టు తలుపు తట్టాలన్నది చాలావరకు మీరు డబ్బు కట్టారా లేదా అన్నదాన్ని బట్టే మారుతుంది. ఇది సరైన ఏర్పాటు కాదని నా గట్టి అభిప్రాయం. అయినా ఉన్న చట్టంతోనే మీ పని జరగాలి కాబట్టి అది ఎలాగో చూద్దాం.

మొదటి ఆసుపత్రి సంగతి. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులకు 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం వర్తిస్తుంది. దాని 12వ సెక్షన్ ప్రకారం, అత్యవసర స్థితిలో వచ్చిన ఎవరికైనా సరే, తమ దగ్గరున్న సిబ్బంది, సదుపాయాల మేరకు పరీక్ష చేసి, పరిస్థితిని నిలకడకు తెచ్చే వైద్యం అందించడం రిజిస్ట్రేషన్‌కు షరతు. ‘తమ దగ్గరున్న సదుపాయాల మేరకు’ అన్న మాట దగ్గరే ఆసుపత్రులు తప్పించుకుంటాయి. న్యూరో డాక్టరు లేడని, యంత్రం లేదని అంటాయి. కానీ 24 గంటల న్యూరో ఎమర్జెన్సీ అని బోర్డు పెట్టుకున్న వాళ్లకు ఆ మాట అనే అవకాశం తక్కువ. ఆ బోర్డు ఫోటో తీశారా? లేకపోతే రేపే తీయండి, నోటీసు అందాక బోర్డులు మారిపోతుంటాయి.

పక్షవాతంలో గంటలు ఎందుకంత ముఖ్యమో కేసులో మీరు చెప్పాల్సి వస్తుంది కాబట్టి అదీ తెలుసుకోండి. రక్తనాళం పూడుకుపోయి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే దాన్ని ఇవ్వాలి. ఇచ్చే ముందు స్కానింగ్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. మీ నాన్నగారికి పదిన్నరకు వచ్చింది కాబట్టి ఆ గడువు మూడింటితో ముగిసింది. హైదరాబాదులో ఆయనను చేర్చుకున్నది నాలుగింటికి. ఆ ఇంజెక్షన్ అందరికీ పనికిరాదు, ఇచ్చినా అందరూ కోలుకోరు. మీ నాన్నగారు తప్పక బతికేవారని ఏ వకీలూ హామీ ఇవ్వలేడు. కానీ బతికే అవకాశాన్ని పోగొట్టడం కూడా నష్టమేనని వాదించవచ్చు. ఆ వాదనకు ప్రాణం సమయాలే. స్కానింగ్ ఫిల్ము మీద తేదీ, గంట, నిమిషం అచ్చయి ఉంటాయి. 108కు చేసిన కాల్ మీ ఫోనులో ఉంటుంది, అంబులెన్సు సిబ్బంది రాసుకున్న నమోదు ఉంటుంది. 400 రూపాయలు ఫోన్‌పే ద్వారా కట్టి ఉంటే ఆ సమయమూ దొరుకుతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. మీ కేసులో సగం అదే.

ఆ 400 రూపాయల చీటీ దగ్గరికి వస్తాను. వినియోగదారుల చట్టం కింద వినియోగదారు అనిపించుకోవాలంటే సేవకు డబ్బు కట్టి ఉండాలి, లేదా కడతామని ఒప్పుకొని ఉండాలి. పైసా తీసుకోకుండా గేటు దగ్గరే వెనక్కి పంపిన ఆసుపత్రి ‘వీళ్లు మా వినియోగదారులే కారు’ అని వాదిస్తుంది. ఎంత ఘోరమో చూడండి: కొంచెం డబ్బు తీసుకొని చెడ్డ వైద్యం చేసినవాడు దొరుకుతాడు, అసలు ముట్టుకోనివాడు జారిపోతాడు. మీ విషయంలో వాళ్లు ఓపీ చీటీకి డబ్బు తీసుకున్నారు, బీపీ చూశారు. అంటే సేవ మొదలైంది, మధ్యలో వదిలేశారు. సేవాలోపం కింద ఈ ఆసుపత్రినీ జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు నిలబెట్టడానికి ఆ చీటీయే ఆధారం.

దానితో పాటు జిల్లా రిజిస్టరింగ్ అథారిటీకి ఫిర్యాదు ఇవ్వండి. దానికి అధ్యక్షుడు కలెక్టరు, కన్వీనరు జిల్లా వైద్యాధికారి. చట్టంలో విడిగా శిక్ష చెప్పని ఉల్లంఘనలకు మొదటిసారి జరిమానా పది వేల రూపాయల వరకే. లక్ష రూపాయల డిపాజిట్ అడిగిన చోట పది వేల జరిమానా ఎవరిని భయపెడుతుంది? అయితే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం కూడా ఆ అథారిటీకి ఉంది. కాబట్టి మీ ఫిర్యాదులో జరిమానా ఒక్కటే అడగకండి, విచారణ జరిపి రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోవాలని స్పష్టంగా రాయండి. ఆ రాత్రి చూసిన డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు వేరే ఫిర్యాదు ఇవ్వవచ్చు. వైద్యుడికి రోగిని ఎంచుకునే స్వేచ్ఛ కొంత ఉన్నా, అత్యవసరంలో అది లేదని 2002 నాటి వైద్య నైతిక నియమావళే చెబుతుంది.

(రోడ్డు ప్రమాదాల విషయంలో ఇంకొక రక్షణ ఉంది. మీకు వర్తించదు గానీ చదివేవాళ్లకు పనికొస్తుంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం ప్రమాద బాధితుడికి, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు, నిర్దేశిత ఆసుపత్రుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. పక్షవాతానికీ, గుండెపోటుకూ దేశమంతటికీ వర్తించే ఇటువంటి ఏర్పాటు ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్రాణం పోయే వేగంలో తేడా లేదు కదా!)

ఇక ప్రభుత్వ ఆసుపత్రి. ‘పడక లేదు’ అన్న జవాబు మీకు కొత్త కావచ్చు, కోర్టులకు పాతది. 1992 జులైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. ఒక ప్రభుత్వ ఆసుపత్రి తరువాత మరొకటి తిప్పారు, ఎక్కడా చేర్చుకోలేదు. చివరకు కలకత్తాలో ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, సుమారు 17,000 రూపాయలు సొంతంగా ఖర్చు పెట్టుకున్నాడు. మీ కథకూ ఆయన కథకూ ఎంత పోలిక ఉందో చూడండి. 1996లో సుప్రీంకోర్టు ఆయనకు 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేదని చెప్పింది. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో తెలిసేలా కేంద్రీకృత సమాచార ఏర్పాటు ఉండాలని, తగినన్ని అంబులెన్సులు ఉండాలని కూడా అప్పుడే ఆదేశించింది. ఆ ఏర్పాటు సరిగా ఉండి ఉంటే, మీరు బయలుదేరకముందే పడక ఎక్కడుందో మీకు తెలిసేది.

ఈ తప్పు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కష్టం. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను ఆ చట్టం పరిధి బయట ఉంచింది. కొందరి దగ్గర డబ్బు తీసుకొని, కొందరికి ఉచితంగా చేసే చోట మాత్రం ఉచిత రోగికీ హక్కు ఉంటుంది. కాబట్టి ప్రభుత్వం మీద మీ దారి హైకోర్టులో రిట్ పిటిషన్ (ప్రభుత్వం హక్కును కాలరాస్తే నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్), లేదా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్. కమిషన్‌కు వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. ఘటన జరిగిన ఏడాది లోపే వెళ్లాలి. మీకు ఐదు నెలలు మిగిలి ఉన్నాయి.

ఈలోగా సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఆ తేదీన, రాత్రి రెండింటి నుంచి ఐదింటి మధ్య అత్యవసర విభాగంలో ఎన్ని పడకలు ఉన్నాయి, ఎన్ని నిండాయి, ఎన్ని వెంటిలేటర్లు పని చేస్తున్నాయి, మీ నాన్నగారి పేరు క్యాజువాలిటీ రిజిస్టరులో ఉందా, వెనక్కి పంపడానికి కారణం ఏమి రాశారు అని అడగండి. పేరు రిజిస్టరులోనే లేకపోతే అది మీకు బలం. చూడకుండానే పంపించారని తేలుతుంది. ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. ఆ రాత్రి మీతో మాట్లాడింది బహుశా ఒక హౌస్ సర్జనో, పీజీ విద్యార్థో అయి ఉంటారు. పడకలు కొనాల్సింది వాళ్లు కాదు. పిటిషన్‌లో వాళ్ల పేర్లు కాకుండా రాష్ట్ర ప్రభుత్వాన్ని, వైద్య ఆరోగ్య శాఖను ప్రతివాదులుగా పెట్టండి. బాధ్యత అక్కడుంది, పరిహారం ఇవ్వగలిగేదీ అదే.

మూడోది, మీ అమ్మగారి సంతకం. ఇలాంటి కాగితాలు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. ఎప్పుడూ అర్ధరాత్రి దాటాక, ఐసీయూ తలుపు ముందు చేయించిన సంతకాలే. ‘సంతకం పెట్టేశాం కదా, ఇక చేసేదేముంది’ అని చాలామంది వదిలేసుకుంటారు. వదలకండి. 1872 నాటి ఒప్పందాల చట్టంలోని 16వ సెక్షన్ ఇలాంటి పరిస్థితి గురించే ఉంది. వయసు వల్లగానీ, జబ్బు వల్లగానీ, మానసిక లేదా శారీరక వేదన వల్లగానీ మనసు స్థిమితంగా లేని మనిషితో, పైచేయిగా ఉన్నవాడు చేసుకున్న ఒప్పందం అన్యాయంగా కనిపిస్తే, తాను అనుచిత ఒత్తిడి చేయలేదని నిరూపించుకోవాల్సిన భారం ఆ పైచేయి ఉన్నవాడి మీదే పడుతుంది. దాదాపు ఐదు లక్షలు ఖర్చయ్యే వైద్యాన్ని ఉచితంగా పొందే అర్హత ఉన్న కౌలు రైతు భార్య, భర్త కొనఊపిరితో ఉండగా, తెలిసి తెలిసి ‘నాకు వద్దు’ అంటుందా? కమిషన్ ముందు ఈ ప్రశ్న ఇదే రూపంలో అడగండి.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రి, ఆ పథకాన్ని నడిపే ట్రస్టుతో చేసుకున్న ఒప్పందం ప్రకారం పథకంలో ఉన్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అక్కడ పథకం విషయంలో రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర ఉండాలి. మీరు ట్రస్టు సీఈఓకు ఒక ఫిర్యాదు రాయండి, 104కు ఫోను చేసి కూడా నమోదు చేయించండి. మీ నాన్నగారికి చేసిన చికిత్స పథకం జాబితాలో ఉందో లేదో, ఆ రాత్రి ఆసుపత్రి ముందస్తు అనుమతి అడిగిందో లేదో లిఖితపూర్వకంగా చెప్పమని కోరండి. ఉందని జవాబు వస్తే మీ డబ్బు తిరిగి ఇప్పించమని అడిగే హక్కు మీకు గట్టిపడుతుంది. లేదని వస్తే, మరి ‘వద్దు’ అని సంతకం ఎందుకు తీసుకున్నారన్న ప్రశ్న మిగులుతుంది. లేనిదాన్ని వద్దనడం ఎక్కడైనా ఉంటుందా?

దేహాన్ని ఆపిన విషయం రాయడానికి నాకూ కష్టంగా ఉంది. సూటిగా చెబుతాను. బకాయి ఉంటే ఆసుపత్రి సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి, అంతే. మనిషి దేహం తాకట్టు వస్తువు కాదు. గౌరవంగా ఉండే హక్కు మరణంతో ముగిసిపోదని, మృతదేహానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. బిల్లు గొడవ పేరుతో రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఆ పత్రం దానంతట అది చట్టం కాదు, అందుకే ఆసుపత్రులు లెక్కచేయవు. బతికున్న రోగిని డిశ్చార్జ్ చేయకుండా ఆపితే భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం కేసు పెట్టవచ్చు. మృతదేహం విషయంలో అంత స్పష్టమైన శిక్షా నిబంధన లేదు. ఇది చట్టంలో ఉన్న పెద్ద లోటు. ఎవరికైనా ఈ స్థితి వస్తే అక్కడి నుంచే 112కు ఫోను చేసి, కలెక్టరుకు వాట్సాప్‌లోనైనా ఫిర్యాదు పంపండి. చాలాసార్లు పోలీసు వాహనం గేటు ముందు ఆగగానే దేహం బయటకు వస్తుంది. మీ విషయంలో దేహం కోసం సాయంత్రం దాకా పడ్డ ఆ వేదనకు వినియోగదారుల కమిషన్‌లో విడిగా పరిహారం అడగండి. మరణ సమయం ధ్రువపత్రంలో ఉంటుంది, 1,10,000 కట్టిన సమయం రసీదులో ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో వాళ్లే చెప్పుకోవాలి.

ఇప్పుడు కేసు ఎక్కడ అన్నది. రెండు ప్రైవేటు ఆసుపత్రుల మీదా నల్గొండ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది కాబట్టి హైదరాబాదు తిరగనక్కర్లేదు. మీరు కట్టిన మొత్తం 4,95,400 రూపాయలు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. పరిహారం ఎంత అడిగినా ఈ లెక్క మారదు. గడువు రెండేళ్లు. చట్టపరమైన వారసులుగా మీరు, మీ అమ్మగారు ఫిర్యాదుదారులు కావచ్చు. మీరే వాదించుకోవచ్చు కూడా, కానీ ఎదుటివైపు పెద్ద వకీళ్లు ఉంటారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఫోను 15100. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అదే సంస్థ నడిపే శాశ్వత లోక్ అదాలత్ కూడా ఆసుపత్రి సేవల వివాదాలను వింటుంది. రాజీ కుదరకపోతే తీర్పూ ఇస్తుంది. అయితే కమిషన్‌లో కేసు వేశాక అక్కడికి వెళ్లలేరు, ముందే ఒకటి ఎంచుకోవాలి. నా సలహా, మీ కేసులో రాజీకి తొందరపడకుండా కమిషన్‌కే వెళ్లమని.

నిపుణుడి సాక్ష్యం లేకుండా కేసు నిలవదని మిమ్మల్ని ఎవరైనా భయపెట్టవచ్చు. చికిత్స తప్పు అని నిరూపించాలంటే సాధారణంగా కావాలి. కానీ ప్రతి కేసులోనూ అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అది హైదరాబాదు నుంచి వెళ్లిన కేసే. వి. కిషన్ రావు అనే ఆయన భార్యకు మలేరియా వస్తే టైఫాయిడ్‌కు మందులిచ్చారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా వినియోగదారుల కమిషన్) ఇచ్చిన పరిహారాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. మీ కేసులో డిపాజిట్ కోసం వెనక్కి పంపడం, సంతకం చేయించుకోవడం, దేహాన్ని ఆపడం, కేస్ షీట్ ఇవ్వకపోవడం – వీటిలో ఏ ఒక్కటి అర్థం కావడానికైనా ఎంబీబీఎస్ చదవాలా?

కేస్ షీట్ మీ హక్కు. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్య నియమావళి చెబుతుంది. నోటితో అడిగితే అడగనట్టే. రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు వచ్చేలా ఉత్తరం పంపండి. నియమం ప్రకారం వాళ్లు ఆ రికార్డులను మూడేళ్లు దాచి ఉంచాలి కాబట్టి ‘పోయాయి’ అన్న మాట చెల్లదు. ఇవ్వకపోతే అదీ ఒక సేవాలోపమే.

1946లోనే, దేశంలో ఆరోగ్య వ్యవస్థ ఎలా ఉండాలో సూచించిన భోర్ కమిటీ, డబ్బు కట్టలేని కారణంగా ఏ మనిషికీ సరైన వైద్యం అందకుండా పోకూడదని రాసింది. దాన్ని చట్టంగా రాసుకున్న మొదటి రాష్ట్రం రాజస్థాన్, 2023లో. అత్యవసరంలో ముందు డబ్బు అడగకుండా వైద్యం చేయాలి, రోగి కట్టలేకపోతే ప్రభుత్వం ఆసుపత్రికి చెల్లిస్తుంది అన్నది అందులోని కీలకం. ఆసుపత్రులు, ఆరోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోవి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అలాంటి చట్టం చేసుకోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఆరోగ్యశ్రీని 2007లో దేశానికి చూపించిన నేల ఇది. పథకాన్ని ప్రభుత్వం మార్చవచ్చు, ఆపవచ్చు. చట్టపరమైన హక్కును అంత తేలిగ్గా మార్చలేదు. మీ ఊరికి వచ్చే శాసనసభ్యుడిని ఈ ఒక్క విషయం అడగండి.

ఈ వారం చేయాల్సింది మూడు పనులు: కేస్ షీట్ కోసం రిజిస్టర్డ్ ఉత్తరం, సమాచార హక్కు దరఖాస్తు, న్యాయ సేవాధికార సంస్థకు ఒక నడక. వాటికంటే ముందు ఇంకొకటి. ఓపీ చీటీలు, చాలా బిల్లులు యంత్రం నుంచి వచ్చే నున్నటి కాగితం మీద ఉంటాయి. ఆ అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, ఏడు నెలలు ఇప్పటికే గడిచాయి. ఈరోజే ఆ 400 రూపాయల చీటీని వెతికి, ఫోనులో ఫోటో తీసి, రెండు జిరాక్సులు తీయించి పెట్టండి.